ఎడమచేతి కత్తి

మా ఆయన అక్కకి కోపం ముక్కుమీదే ఉంటుంది. ఈ మాట నేనంటే ఆడబిడ్డ మీద అక్కసుతో అంటున్నానని కొట్టిపారేస్తారు. పోనీ, మా వీధిలో ఎవరినైనా అడగండి. ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. పెద్దా చిన్నా అందరికీ ఆమె ఆకురాయి అక్క. పొద్దస్తమానం ఆకురాయి పట్టుకుని లోహాన్ని అరగదీస్తుంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె నమ్మకం. మాట తీరును బట్టి వచ్చిందని మిగతా అందరికీ తెలుసు. వరస ప్రకారం నేను వదినా అని పిలుస్తాను. మనసులో ఏమని పిలుస్తానో అది వేరే సంగతి.

ఆమె కత్తులు చేస్తుంది. కూరగాయలు తరిగేవి, మాంసం కొట్టేవి, చేపలు కోసేవి. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ మీద గీత గీయడం దగ్గర్నుంచి ఆఖరిసారి సానరాయి మీద నూరడం దాకా అన్నీ చేత్తోనే. ఇంటి వెనకగది ఆమె కార్ఖానా. కిటికీ కింద బల్ల, బల్లకి బిగించిన, ఇనుముని కదలకుండా పట్టే వైసు, గోడ నిండా మేకులకు వేలాడే ఆకురాళ్లు, మూలన ఇటుకలు పేర్చి లోపల కాయిల్ చుట్టిన కరెంటు కొలిమి. ఆ కొలిమి మా ఆయన చేసిపెట్టాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అక్క ఒకవైపు, నేను ఒకవైపు గొంతు లేపితే, మధ్యలో కొలిమి వైర్లు సరిచేసుకుంటూ బతికేస్తాడు.

పిడి మాత్రం నా పని. కొత్త కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే వదిన నా చేతిలో ఒక చెక్కముక్క, ఒక గరుకు కాగితం పెట్టి, "ఊరికే కూచుంటే నీకూ తోచదు, నాకూ చూడబుద్ధి కాదు. దీన్ని నున్నగా చెయ్యి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతో రుద్దీ రుద్దీ ఆ చెక్కని అద్దంలా చేసి ఆమె ముందు పడేశాను. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "పనికొస్తావ్" అంది. ఆవిడ నోట మెచ్చుకోలు అంతకుమించి రాదని అప్పుడు నాకు తెలియదు. తెలిశాక మాత్రం ఆ ఒక్క మాటనే ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటూ ఉంటాను.

మా మామగారు మామూలు ఇనుముతో కత్తులు చేసేవారు. పదును బాగానే ఉండేదట, ఒక పూట తడి తగిలితే తుప్పు. వదిన ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన మాట వినకుండా స్టెయిన్‌లెస్‌కి మారింది. "గిన్నెల స్టీలుతో కత్తేమిటే? గరిటె చేసుకో" అని ఆయన ఎగతాళి చేసేవారట. గిన్నెల స్టీలు వేరు, కత్తి స్టీలు వేరు. గిన్నెల స్టీలుని ఎంత కాల్చినా గట్టిపడదు, పదును నిలవదు. కత్తి స్టీలు గట్టిపడుతుంది గానీ దానికి మామూలు ఇనుముకన్నా ఎక్కువ వేడి కావాలి, ఆ వేడిలో కాసేపు ఉంచాలి కూడా. మామగారి దగ్గర నేర్చుకున్న ఎర్రరంగు చూసి బయటికి తీసేస్తే అది మెత్తటి రేకులా మిగిలేది. ఆమె చెడగొట్టిన పట్టీలు గోనెసంచి నిండా ఉండేవి. చివరికి ఒకటి కుదిరింది. మామగారు ఆ కత్తితో కాగితం కోసి చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్లి, వీధి వీధంతా తిరిగి, "మా అమ్మాయి కత్తి చూశారా?" అని చెప్పొచ్చారట. ఇంటికొచ్చి మాత్రం, "పిడి కొంచెం వంకరగా ఉంది" అన్నారట. ఆ బుద్ధే ఈవిడకీ వచ్చింది.

కొనుక్కునేవాళ్లతో కూడా ఆమెకి రోజూ యుద్ధమే. కత్తి మొనతో డబ్బా మూత తీశానని ఎవరైనా నోరు జారితే వాళ్ల పని అయిపోయినట్టే. కత్తి లాక్కుని లోపలికి వెళ్లిపోతుంది, మళ్లీ వాళ్లకి అమ్మదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగిన ఒకావిడతో, "చేతులు నల్లగా ఉన్నాయని ఒకడు వంక పెట్టాడమ్మా. నోరెంత పెద్దదో కూడా వాడికి చూపించి పంపించా" అని చెప్పింది. అడిగినావిడ మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఇంతటి మనిషికీ ఒక బలహీనత ఉంది. నా కూతురు. కనడం నేను కన్నాను, నెత్తినెక్కించుకోవడం ఆవిడ ఎక్కించుకుంది. నేను ఒక్క దెబ్బ వేయబోతే మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి, "నా మేనకోడలిని కొట్టడానికి నువ్వెవరివే?" అని నన్నే నిలదీసేది. కన్నతల్లిని పట్టుకుని నువ్వెవరివి అంటే ఏం చెప్పాలి? పిల్లకి వంట పిచ్చి. చదువవగానే ఒక పెద్ద హోటల్ వంటగదిలో పని నేర్చుకోవడానికి చేరింది. దానికి పుట్టినప్పట్నించీ ఎడమచేతి వాటం. చెంచా, పెన్ను, దువ్వెన, అన్నీ ఎడమచేత్తోనే. మా ఇంట్లో దాన్నెవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం పిల్ల ఎడమచేతి వేలికి కట్టుతో ఇంటికొచ్చింది. వదిన వెనకగదిలోంచి వస్తూ చూసింది.

"ఏమైందే?"

"ఏం లేదత్తా. కొంచెం తెగింది."

"కత్తి పట్టుకున్న చెయ్యి తెగదు, రెండో చెయ్యి తెగుతుంది. నీ ఎడమచెయ్యి తెగిందంటే కత్తి కుడిచేతిలో ఉందన్నమాట. ఎవరు పెట్టమన్నారు కుడిచేతిలో?"

దాంతో పిల్ల ఏడుపు అందుకుంది. సంగతేమిటంటే, ఆ హోటల్లో చేపని కాగితమంత పల్చగా కోసి పళ్లెంలో పరుస్తారట. ఆ కోత వస్తేనే చేపల బల్ల దగ్గర పని ఇస్తారు. ఇది కోస్తుంటే ముక్క పైన లావుగా, కిందికి వచ్చేసరికి పల్చబడి తెగిపోతోంది. వంటగది చూసే పెద్ద మాస్టారు కొన్నాళ్లు ఓపిక పట్టి, ఆఖరికి చెప్పేశారట. చెయ్యి మార్చుకో, వచ్చే సోమవారం నా ముందు కోసి చూపించు, రాకపోతే గిన్నెలు కడిగే తొట్టి దగ్గరికి వెళ్లు, అదీ ఇష్టం లేకపోతే నీ దారి నువ్వు చూసుకో అని.

నేను తల్లిని. పిల్ల పని ఎక్కడ పోతుందోనని నా భయం నాది. "పోనీలేవే, నాలుగు రోజులు కుడిచేత్తో కొయ్యి. అదే అలవాటవుతుంది. లోకంలో అందరూ..." అన్నానో లేదో, వదిన ఒంటికాలి మీద లేచింది.

"అందరూ ఏంటి, అందరూ! రేపు నిన్ను ఎడమచేత్తో పిడి చెక్కమంటాను, చెక్కుతావా? వేళ్లు మిగలవు నీకు!" పిల్ల వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఒసే, ఏడవకు. ఆ హోటల్ కత్తికి పదును కోసం తీసిన వాలు రెండువైపులా ఉందా, ఒకవైపేనా?"

"ఒకవైపేనత్తా. ఇటు." పిల్ల చేతిలో కత్తి ఉన్నట్టు పట్టి కుడిపక్క చూపించింది. "రెండోవైపు చదునుగా ఉంటుంది."

"అదీ సంగతి. వాలున్న వైపు నుంచి చదునువైపుకి కత్తి తనంతట తనే జరుగుతుంది. కుడిచేత్తో కోసేవాళ్లకి అది సాయం. నీకు అదే పగ. నువ్వు తిన్నగా కోస్తున్నా అది నిన్ను బయటికి లాగేస్తోంది. అందుకే ముక్క కింద తెగిపోతోంది. నీ చేతిలో తప్పు లేదే. తప్పు కత్తిలో ఉంది."

రెండువైపులా వాలున్న మామూలు కత్తి తీసుకుపోతే సరిపోదా అని అడిగాను. అది ఏ చేతికైనా పనికొస్తుంది గానీ అంత పల్చటి కోత దానితో రాదని, తెలియని విషయాల్లో తల దూర్చకుండా మంచి చెక్క వెతికిపెట్టమని నాకు జవాబు దొరికింది. ఎడమవైపు వాలు, కుడివైపు చదును. సోమవారానికల్లా అలాంటి కత్తి తను చేసిస్తానని పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి చెప్పింది. పిల్ల పని మొత్తం ఇప్పుడు ఆ కత్తి మీదే ఆధారపడి ఉంది.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. పట్టీ మీద కత్తి రూపం గీసి, రంపంతో కోసింది. పిడి తొడగని ఇనప భాగాన్ని మేం అలుగు అంటాం. ఆ అలుగుని చెక్కదిమ్మ మీద బిగించి, వాలు తీయడానికి ఆకురాయి అందుకుంది. వాలు రావలసిన వైపు పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకుంది. అరగదీస్తున్నంతసేపూ నోరు ఆగలేదు. కత్తులు చేసేవాళ్లకి బుద్ధి లేదంది. అందరివీ ఒకే చేతులనుకుంటారంది. తలుపు గడియలు, కత్తెరలు, నల్లాలు, ఏదీ వదలకుండా దులిపేసింది. లోకంలో సగం కష్టాలు ఆలోచన లేకుండా పని చేసేవాళ్ల వల్లే వస్తాయంది. నేను గుమ్మంలో చెక్క రుద్దుకుంటూ ఊ కొడుతున్నాను. మధ్యమధ్య నూనె రాసి, తుడిచి, తీసి చూసి, మళ్లీ బిగించి, మధ్యాహ్నానికల్లా వాలు తీయడం పూర్తి చేసింది. గరుకు కాగితంతో మెరుగు కూడా పెట్టింది. చాలా అందంగా వచ్చింది. అంత తిన్నటి వాలు ఆమె చేతిలో కూడా నేనెప్పుడూ చూడలేదు.

పిల్ల ఇంటికి రాగానే గర్వంగా చేతికిచ్చి, "పట్టుకు చూడు" అంది.

పిల్ల ఎడమచేత్తో పట్టుకుంది. ఒకసారి మొన వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. అత్తకి తప్పు చెప్పే ధైర్యం ఈ ఇంట్లో దానికే కాదు, ఎవరికీ లేదు. నేను దగ్గరికి వెళ్లి చూసి నోరు వెళ్లబెట్టాను. వాలు కుడివైపు ఉంది. పెన్సిలు గుర్తు మొదటిసారి నూనె రాసినప్పుడే చెరిగిపోయింది. తీసి చూసి మళ్లీ బిగించినప్పుడల్లా ఆమె చెయ్యి తనకి అలవాటైన వైపే తిప్పి బిగించేసింది. కుడిచేతి కత్తులు చేసేవాళ్లని నోరారా తిడుతూ, మొదట్నుంచి చివరిదాకా కుడిచేతి కత్తే చేసింది మా వదిన.

నవ్వు వచ్చి ఉండాల్సింది. రాలేదు. ఆమె మొహం చూస్తే ఎవరికీ నవ్వు రాదు. అలుగు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో చూసుకుంది. అరిగిపోయిన లోహం మళ్లీ రాదు. "పొద్దుట్నించీ ఎవర్ని తిట్టానో తెలుసా? నన్నే తిట్టుకున్నా" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పిల్ల వెళ్లి వెనక నుంచి వాటేసుకుని, "పోనీలే అత్తా, ఇదే పట్టుకెళ్లి కుడిచేత్తో కోస్తాను" అంది.

అంతే. ఆ మాటతో మళ్లీ మా ఆకురాయి అక్క వచ్చేసింది. "కోస్తావ్! కాళ్లు విరగ్గొడతా. పో, నీ గోళ్ల రంగు సీసా పట్రా. ఎర్రది."

రెండో పట్టీ కోసింది. వాలు రావలసిన వైపు మొత్తం గోళ్ల రంగు పూసింది. నూనెకి చెరగదు, ఆకురాయికి తప్ప దేనికీ పోదు. ఎరుపు ఉన్న వైపే అరగాలి. అది చాలదన్నట్టు నన్ను పిలిచి, ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టింది.

"నీకు నన్ను తిట్టాలని ఎప్పట్నించో ఉంది కదా?"

"అయ్యో, అదేం మాట వదినా."

"నటించకు. ఇవాళ నీదే రోజు. నా చెయ్యి అటు తిరిగితే చాలు, నోటికొచ్చింది తిట్టు. నేను ఏమీ అనను."

దేవుడు వరమిచ్చినట్టయింది నాకు. తీసి చూసిన ప్రతిసారీ ఆమె చెయ్యి పాత అలవాటుతో అలుగుని తిప్పబోయేది. నేను, "ఏం వదినా, కళ్లు అరువిచ్చావా?" అనేదాన్ని. ఆమె పళ్లు కొరుక్కుని సరిగ్గా బిగించేది. ఎన్నేళ్ల బాకీ తీర్చుకున్నానో లెక్క లేదు. ఒకసారి మాత్రం తట్టుకోలేక, "మరీ అంత సంబరంగా తిట్టకే!" అంది. మా ఆయన గుమ్మం దాకా వచ్చి ఆ దృశ్యం చూసి, కలో నిజమో తేల్చుకోలేక వెళ్లిపోయాడు.

ఎరుపంతా పోయి, దాని చోట తెల్లటి వాలు తేలింది. ఇక కాల్చడం. అసలు ప్రమాదం అక్కడుంది. ఒకవైపే అరగదీసిన అలుగు కాల్చి చల్లారుస్తుంటే ఒక పక్కకి వంగుతుంది. చేతులు పెట్టగలిగేంత వేడి ఉండగానే దాన్ని సరిచేయాలి. పూర్తిగా చల్లారాక వంచబోతే ఫట్‌మని విరుగుతుంది. ఆలోచించుకునే వ్యవధి ఉండదు, చేతులే తెలుసుకుని వంచాలి. ఆ చేతులు ఇన్నేళ్లూ కుడిచేతి కత్తుల్ని సరిచేసిన చేతులు.

కొలిమి ముందు నిలబడి నాతో అంది, "ఇది మామూలు దానికి ఎదురు వంగుతుంది. నేను వైసులో పెట్టి కిటికీ వైపు తొయ్యాలి. తలుపు వైపు తోశానా, కేకెయ్యి."

కొలిమి లోపల అలుగు ఎర్రబడి, నారింజరంగు దాటి, పసుపులోకి తిరిగింది. ఆమె పెదవులు కదుపుతూ మనసులో ఏదో లెక్క పెట్టుకుంటోంది. పట్టకారుతో బయటికి తీసి, రెండు మందపాటి అల్యూమినియం పలకల మధ్య పెట్టి నొక్కింది. వేడి చూస్తుండగానే ఆ పలకల్లోకి దిగిపోయింది. తీసి, ఒక కన్ను మూసి వాదర వెంట, అంటే పదునుండే అంచు వెంట, చూసింది. చెప్పినట్టే వంగింది. తోలు తొడుగులతో వైసులో పెట్టింది. చేతులు బిగుసుకున్నాయి, భుజం తలుపు వైపు ఒరిగింది.

"అటు కాదు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత భుజం కిటికీ వైపు తిప్పి, మెల్లగా తోసింది. తీసి చూసింది. మళ్లీ కొంచెం తోసింది. మూడోసారి చూసి, అలుగుని బల్ల మీద పెట్టి, తొడుగులు విప్పేసింది.

"అంత గట్టిగా అరవాలా? చెవులు పోయాయి" అంది. కానీ ఆ రోజు అన్నం నాకు తనే వడ్డించింది.

ఆ తర్వాత దాన్ని తక్కువ వేడిలో చాలాసేపు ఉంచి పెళుసుదనం తీసింది. నీళ్లలో ముంచుకుంటూ, వాదర వేడెక్కకుండా నూరింది. నేను పిల్ల ఎడమచేత మట్టిముద్ద నొక్కించి, ఆ అచ్చు చూసుకుంటూ పిడి చెక్కాను. ఏ మాటకామాటే, నా జన్మలో అంత మంచి పిడి చెయ్యలేదు. దాని బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం కూడా తీశాను. పిడి అంటించిన జిగురు ఆరేసరికి సోమవారం తెల్లారింది. పిల్ల పనికి వెళ్లాల్సిన వేళయింది, వాదరకి ఆఖరి నూరుడు ఇంకా మిగిలే ఉంది. "నువ్వు పద, మేం తెస్తాం" అని దాన్ని పంపేశాం.

నూరడం అయ్యాక కత్తిని గుడ్డలో చుట్టుకుని ఇద్దరం హోటల్ వెనక గుమ్మం దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్లాం. వదిన చీర కూడా మార్చుకోలేదు. వేళ్ల సందుల్లో నల్లటి మసి అలాగే ఉంది. పిల్ల వచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. పెద్ద గది, ఆవిర్లు, మెరిసే బల్లలు, తెల్ల టోపీల వంటవాళ్లు. పెద్ద మాస్టారు పొడుగాటి మనిషి. చేప ముక్కని బల్ల మీద పెట్టించి, "కానీ, అమ్మాయ్" అన్నారు. పిల్ల కత్తి తీసి ఎడమచేత్తో పట్టుకునేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"చెయ్యి మార్చుకోమన్నాను కదా."

"కత్తి మార్చుకున్నానండీ."

వదిన చేతులు కట్టుకుని నిలబడింది.

పిల్ల మొదటి ముక్క కోసింది. కత్తి తిన్నగా దిగింది. ఇంకొకటి. ఇంకొకటి. పళ్లెంలో పరుస్తుంటే, పళ్లెం మీది నీలం గీతలు ముక్కల్లోంచి కనపడుతున్నాయి. మాస్టారు ఒక ముక్క ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. పిల్ల చేతిలోంచి కత్తి తీసుకుని, కుడిచేత్తో పట్టుకుని తనే ఒక ముక్క కోశారు. పైన లావుగా వచ్చి, కింద పల్చబడి తెగిపోయింది. మళ్లీ కోశారు. మళ్లీ అంతే. వంటవాళ్లందరూ పని ఆపి చూస్తున్నారు. ఆయన చేతిలో కత్తి అలా తప్పడం వాళ్లెవరూ చూసి ఉండరు.

"ఇన్నాళ్లూ మా కత్తులతో నువ్వు ఇలాగే అవస్థ పడ్డావా?"

"అవునండీ."

"చెప్పలేదేం?"

"సరిగ్గా తెగట్లేదని చెప్పానండీ. మీరు నా చేతిలో లోపమనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నా."

ఆయన ఆ తెగిపోయిన ముక్కని పక్కకి తీసేశారు. మంచి మనిషి, పైగా పని తెలిసిన మనిషి. కత్తిని తిప్పి, పిడి వైపు పిల్లకి అందించి, "చెయ్యి మార్చొద్దు. ఇవాళ్టినుంచి ఈ బల్ల నీది" అన్నారు. తర్వాత, "ఎవరు చేశారు దీన్ని?" అని అడిగారు.

వినయంగా తల వంచుకునే మనిషి కాదు మా వదిన. ఒక అడుగు ముందుకేసి, మసి చేతులు నడుముకి ఆనించుకుని, "నేను చేశా. అలుగు నాది, వాలు నాది, పదును నాది" అంది. వెంటనే నా భుజం పట్టి ముందుకి లాగి, "పిడి మా మరదలిది. అలాంటి పిడి మీకెక్కడా దొరకదు" అంది. ఇన్నేళ్లలో ఆ మాట నా మొహం మీద ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు. అంతమంది ముందు అనేసరికి నా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఎంత గర్వం వేసిందో మాటల్లో చెప్పలేను.

"నాకూ ఒకటి చేసిపెడతారా అమ్మా?" అన్నారు మాస్టారు.

"చేస్తాను. ఏ చేత్తో కోస్తారు?"

వంటవాళ్లు గొల్లున నవ్వారు. ఆయన కుడిచేత్తో కోయడం ఇప్పుడే అందరూ చూశారు కదా. వదిన నవ్వలేదు. "నవ్వుతారేం? ఇకమీదట నా గుమ్మం ముందుకి ఎవరొచ్చినా మొదట అడిగేది అదే. అడక్కుండా ఎన్ని చేశానో, ఎవరెవరు ఇబ్బంది పడ్డారో నాకేం తెలుసు?"

అప్పుడు మూలన నీళ్ల చప్పుడు ఆగింది. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర తల నెరిసిన ఒకాయన నల్లా కట్టేసి ఇటు తిరిగాడు. నురగ కారుతున్న చేతిని మెల్లగా పైకెత్తాడు. ఎడమచెయ్యి.

"నాది ఇదండీ. నేనూ ఇక్కడికి కోత నేర్చుకోవడానికే వచ్చాను" అన్నాడు.

మాస్టారు తెల్లబోయారు. "నువ్వు కోత నేర్చుకోవడానికి వచ్చావా? నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు రాకముందు సంగతండీ. అప్పటి మాస్టారు చెయ్యి మార్చుకోమన్నారు. నాకు కుదర్లేదు. ఇటు పంపించేశారు."

నా కూతురు ఆ తొట్టి వైపు చూస్తూ ఉండిపోయింది. ఈ కత్తి లేకపోతే మా పిల్ల నిలబడాల్సిన చోటు అదే.

వదిన తడి నేల మీద చరచరా నడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లింది. నురగ చెయ్యిని తన మసి చేతుల్లోకి తీసుకుని, అరచెయ్యి తిప్పి చూసింది. అక్కడ్నించే, "మాస్టారూ, మీది తర్వాత చేస్తాను. ముందు ఈయనది" అంది.

"అలాగేనమ్మా" అన్నారు మాస్టారు. భుజం మీది తువ్వాలు తీసి ఆయనకి అందించి, "చేతులు తుడుచుకుని ఇలా రా. ఒక ముక్క కొయ్యి, చూద్దాం" అన్నారు. నా కూతురు బల్ల దగ్గర్నించి జరిగి తన కత్తిని ఆయనకిచ్చింది.

ఆయన చాలాసేపు పట్టు సరిచూసుకున్నాడు. కోశాడు. కత్తి పట్టి ఎన్నేళ్లయిందో ఏమో, పల్చగా రాలేదు. వేలెడు మందాన వచ్చింది. కానీ పైనా కిందా ఒకటే మందం. బల్ల మీద తిన్నగా పడిన ఆ ముక్కని వేలితో ముట్టుకుని చూసి, మా వదిన వైపు తలెత్తాడు.

"ఇన్నాళ్లూ నాకే చేతకాదనుకున్నానమ్మా" అన్నాడు.